కుటుంబం సీటు

కాజాలక్క అంటే ఆ పేటలో తెలియనివాళ్ళు లేరు. కోటుకైనా చొక్కాకైనా కాజాలు తియ్యడం, గుండీలు కుట్టడం, అంచులు మడిచి హెమ్మింగు చెయ్యడం ఆవిడ పని. మూడు టైలరు షాపులకు ఆవిడ ఒక్కతే దిక్కు. కాజాలు తీసే మెషిన్లు వచ్చి చాలా ఏళ్ళయింది గానీ, ఖరీదైన ఉన్ని గుడ్డ చేతికొస్తే పెద్ద షాపు మాస్టారు మెషిన్ను నమ్మడు. "అక్కకి పంపండి" అంటాడు. పొద్దున్నే మూడు షాపులూ తిరిగి మూటలు తెచ్చుకోవడం, సాయంత్రం మళ్ళీ మూడూ తిరిగి ఇచ్చి రావడం. మధ్యలో కిటికీ దగ్గర కూర్చుని, దారానికి మైనం రాసి, బ్లేడుతో గుడ్డ కోసి, చుట్టూ కుట్టు తిప్పుకుంటూ పోవడం. ఒక్కో కాజాకి పావుగంట. కుడిచేతి చూపుడువేలి కొస చెప్పు అట్టలా గట్టిపడిపోయింది. తిరిగి తిరిగి మడమలు పగిలిపోయాయి. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, ఒంట్లో ఒక్క జబ్బు లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం.

ఆవిడ మొగుడు టూరిస్టు బస్సు డ్రైవరు. మంచివాడే అంటారు అందరూ. తాగడు, తిరగడు, గొంతు పెంచి మాట్లాడడు. అసలు మాట్లాడితే కదా గొంతు పెంచడం! ఇంట్లో పుల్ల తీసి ఇటు నుంచి అటు పెట్టడు. తిన్న కంచం తిన్నచోటే ఎండిపోతుంది. నీళ్ళ సీసా చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నా, వంటింట్లో ఉన్న పెళ్ళాన్ని కేకేస్తాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో "నువ్వు తిన్నావా" అని ఆయన అడిగిన రోజు కాజాలక్కకి గుర్తు లేదు. పదకొండేళ్ళ కిందట మెట్ల మీద జారి నడుం పట్టేసి, మూడు వారాలు మంచం దిగలేకపోయినప్పుడు మాత్రం కూతురి చేత ఒకసారి టీ పెట్టించి పంపాడు. ఆయనగారు చేసిన సేవ అంతే.

మరి ఇలాంటి మనిషి దగ్గర ఏం చూసుకుని బతికింది అంటారా? చెబుతాను.

ఏటా చలికాలంలో రాజధానిలో పెద్ద పండగ చేస్తారు. నెల రోజులపాటు ఊరంతా దీపాలు, మంచుగడ్డతో చెక్కిన బొమ్మలు, పూల డేరాలు, బ్యాండు మేళాలు. శని, ఆదివారాలు చూసి రావడానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బస్సులు వేస్తారు. మన డ్రైవరు ఏటా అందులో ఒక ట్రిప్పు తోలుతాడు. ఆదివారం సాయంత్రం తిరిగొచ్చి, బూట్లు విప్పకముందే ఒక పొట్లం బల్ల మీద పెట్టి "నీకు" అంటాడు. అంతే, ఒక్క మాట.

మొదటి ఏడాది నడుం కింద పెట్టుకునే దిండు తెచ్చాడు. అప్పుడు ఆవిడ మంచం మీదే ఉంది కాబట్టి ఆ దిండు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మరుసటి ఏడు వేణ్ణీళ్ళ సంచి, దానికి దళసరి గుడ్డ తొడుగు. ఆ తర్వాత శాలువా. ఇంకో ఏడు మంచం మీద పెట్టుకుని తినే పొట్టి కాళ్ళ బల్ల. మరో ఏడు చేత్తో ఊపే చిన్న ఇత్తడి గంట. కూతురు పెళ్ళయి వేరే ఊరు వెళ్ళింది గానీ, వచ్చినప్పుడల్లా ఈ వస్తువులు చూసి నవ్వేది. పెళ్ళానికి వేణ్ణీళ్ళ సంచి బహుమతిగా ఇచ్చే మొగుణ్ణి ఇక్కడే చూశానమ్మా అనేది. కాజాలక్కకి మాత్రం అన్నీ అపురూపమే. ఆ పొట్టి బల్ల మీద గుండీలు పోసుకుని కుట్టుకునేది. గంటను వీధి తలుపుకి కట్టింది, ఎవరైనా వస్తే మోగేది.

ఇంకో విశేషముంది. దిండుకీ, సంచి తొడుగుకీ, శాలువా అంచుకీ వేసిన కుట్టు ఒకే చేతిది. ఆ చెయ్యి ఎడమచెయ్యి. కుట్టు ఒరిగే వైపు తిరగబడి ఉంటుంది, ముడి మొదలయ్యే చోటు రెండో కొసన ఉంటుంది. మామూలువాళ్ళకి కనబడదు, కాజాలు తీసేవాళ్ళకి కనబడకుండా ఉండదు. ఎక్కడ కొంటున్నారు అని అడిగితే పండగలో ఒక కొట్టుంది అన్నాడు డ్రైవరు. అంతే, కాజాలక్క మనసులో ఆ కొట్టు వెలిసింది. ఎడమచేత్తో కుట్టే ఎవరో ఒకావిడ, ఆవిడ ముందు ఏటా ఒకసారి ఆగి "మా ఆవిడకి ఏం పనికొస్తుంది" అని ఆలోచించే తన మొగుడు. ఏడాదంతా నోరు విప్పని మనిషి ఆ ఒక్క నిమిషం తన గురించి ఆలోచిస్తాడు కదా! ఆ ఒక్క నిమిషమే ఆవిడ కాపురం. మిగిలిన ఏడాదంతా చాకిరీ.

నన్నూ ఒకసారి తీసుకెళ్ళండి అని ఏటా అడిగేది. డ్రైవర్లు పెళ్ళాల్ని ఎక్కించుకుంటే కంపెనీ ఉద్యోగం ఊడబీకుతుంది అనేవాడు. నిజమే కాబోలు అని ఊరుకునేది.

కిందటేడు చలికాలం మొదట్లో బస్సు కంపెనీ ఆఫీసు నుంచి ఇంటికి ఫోనొచ్చింది. కొత్తగా చేరిన గుమాస్తా అమ్మాయి. పండగ ట్రిప్పులో డ్రైవరు వెనక సీటు కుటుంబానికి ఇస్తారనీ, దాన్ని కుటుంబం సీటు అంటారనీ, జాబితాలో పేరు రాసుకోమంటారా అనీ అడిగింది. ఈ ఏడే కొత్తగా పెట్టారు కాబోలు అనుకుంది కాజాలక్క. రాసుకో అమ్మా, రాసుకో అని రెండుసార్లు చెప్పింది.

సాయంత్రం ఈ మాట చెబితే డ్రైవరు చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఆ వారమంతా చలి అన్నాడు, జనం అన్నాడు, డ్రైవర్ల బసలో నల్లులు అన్నాడు. ఆవిడ దేనికీ లొంగలేదు. కూతురు కూడా ఫోన్లో తండ్రిని గట్టిగానే కేకలేసింది. ఇక ప్రయాణం రెండు రోజులుందనగా ఆయన ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. పక్కన కూర్చున్నాడు. పండగలో నడక చాలా ఉంటుందనీ, గేటు దగ్గర మూడేసి గంటలు లైన్లో నిలబడాలనీ, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళని మాత్రం పక్క గేటు నుంచి నేరుగా వదులుతారనీ చెప్పాడు. "నేను కుర్చీ తెస్తాను, నేనే తోస్తాను. నీ మడమలు ఎలా ఉన్నాయో నాకు తెలీదా?" అన్నాడు.

నిక్షేపంలా నడిచే మనిషిని నేను కుర్చీలో కూర్చోవడమేమిటండీ, తప్పు కదూ అంది ఆవిడ. నోటితో అంది గానీ, మడమల మాట వినేసరికి లోపల వెన్నలా కరిగిపోయింది. ఇరవై ఆరేళ్ళలో ఆయన తన మడమల వంక చూశాడని ఆవిడకి అప్పుడే తెలిసింది! పిచ్చిది. సరేనంది.

శనివారం తెల్లవారుతూనే బస్సు బయలుదేరింది. డ్రైవరు వెనక సీటులో కాజాలక్క, ఒళ్ళో సంచి, భుజాన ఆ శాలువా. పది గంటలకి రాజధాని చేరారు. ప్రయాణికుల్ని హోటలు దగ్గర దింపేసి, ఆయన ఎక్కడికో వెళ్ళి కుర్చీ తోసుకొచ్చాడు. నేల మంచుతో జారుతోంది, ఇక్కడినుంచే కూర్చో అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు: మధ్యాహ్నం భోజనానికి మిగతా ఊళ్ళ డ్రైవర్లూ వాళ్ళ ఆడవాళ్ళూ వస్తారు, ఒట్టి గొడవ మనుషులు, వాళ్ళేమన్నా తల ఊపి ఊరుకో, మాటలు పెట్టుకోకు.

ఏమాటకామాటే చెప్పాలి, ఆ రెండు గంటలూ ఆవిడ మహారాణిలా తిరిగింది. పక్క గేటు దగ్గర కాపలావాడు టోపీ తీసి మరీ దారిచ్చాడు. మంచుగడ్డతో చెక్కిన ఏనుగులూ ఓడలూ చూసింది. పూల డేరాలో వెచ్చటి తడి వాసన పీల్చింది. నోట్లోంచి ఆవిరి వస్తుంటే చిన్నపిల్లలా మళ్ళీ మళ్ళీ ఊది చూసుకుంది. వెనక మొగుడు తోస్తున్నాడు. చేతులకి పనిలేక ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఆవిడకి జీవితంలో అదే మొదలు.

కొట్ల వీధిలోకి రాగానే, ఆ ఎడమచేతి ఆవిడ కొట్టు ఏదండీ అని అడిగింది. అటెక్కడో ఉండాలి, ఈ ఏడు రాలేదేమో అన్నాడు. ఆవిడ ఊరుకోలేదు. కొట్టు కొట్టు దగ్గరా ఆపించి, శాలువా అంచు చూపించి, ఇది మీ దగ్గర దొరుకుతుందా అని అడిగింది. ఉన్ని బట్టలు అమ్మే ముసలాయన అంచు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, ఇది అమ్మకానికి కుట్టింది కాదమ్మా, ఎవరో ఇంట్లో కుట్టారు అన్నాడు. డ్రైవరు ఇక భోజనానికి ఆలస్యమవుతోందని కుర్చీ తిప్పేశాడు.

డ్రైవర్ల బస అంటే బస్సుల యార్డు వెనక ఒక పొడుగాటి హాలు. గోడకి కొక్కేలు, వాటికి తడి కోట్లు. మధ్యలో రేకు బల్లలు, మూలన హీటరు. కుర్చీ గుమ్మం దాటేసరికి హాలంతా లేచి నిలబడింది. పాతికమంది ఉంటారు. వాళ్ళ చూపులు చూసి కాజాలక్క నా వెనకాల ఎవరైనా పెద్దమనిషి వస్తున్నాడా అని మెడ తిప్పింది. ఎవరూ లేరు.

అందరికన్నా ముందు ఒక బొద్దుగా ఉన్నావిడ పరుగెత్తుకొచ్చింది. పక్క ఊరి డ్రైవరు భార్య, నోటికి మూత లేని మనిషి. కాజాలక్క రెండు చేతులూ పట్టుకుని మొదలుపెట్టింది. ఎన్నేళ్ళకి చూశాం వదినా అంది. ఏటా మేమందరం వస్తాం, నీ సీటు మాత్రం ఖాళీగానే వస్తుంది, అది చూసి మాకు ముద్ద దిగదు అంది. అన్నయ్య లాంటి మొగుడు కోటికొకడు అంది. వంట ఆయనేనట, నీకు స్నానం చేయించడం ఆయనేనట, పక్క మార్చడం ఆయనేనట, పొద్దున్నే తల దువ్వి జడ వేసిగానీ డ్యూటీకి రాడట. మా ఆయనకి రోజూ చెబుతాను, ఆ అన్నయ్య కాలి గోటికి సరిపోవు నువ్వు అని.

కాజాలక్క తల ఊపింది. ఊపమన్నాడు కదా. ఊపుతూ ఊపుతూ, ఏటా వస్తాం అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఖాళీ సీటు దగ్గర ఆగిపోయింది. కుటుంబం సీటు కొత్తగా వచ్చింది కాదన్నమాట. వెనక్కి తిరిగి మొగుడి వంక చూసింది. ఆయన కోటు కొక్కేనికి తగిలిస్తున్నాడు, ఎంతకీ తగిలించడం అవడం లేదు.

అన్నం వడ్డించారు. ఎదురుగా మీసాల డ్రైవరూ ఆయన భార్యా కూర్చున్నారు. ఆవిడ మాట్లాడే మనిషి కాదు. నెమ్మదిగా చూసి నవ్వింది, గరిటె అందుకుని కాజాలక్కకి కూర వేసింది. ఎడమచేత్తో వేసింది.

కాజాలక్క ఆ చేతి వంకే చూసింది. చూపుడువేలు కొస గట్టిపడి ఉంది, తన వేలిలాగే. ఆవిడ వేసుకున్న ఉన్ని చొక్కా అంచున కుట్టు వెనక్కి ఒరిగి ఉంది. తన భుజం మీది శాలువా అంచు చూసుకుంది. మళ్ళీ ఆ అంచు చూసింది.

"శాలువా వెచ్చగా ఉందా వదినా? ఆ రంగు నీకు నచ్చుతుందో లేదో అని మూడు రోజులు ఆలోచించాను" అంది ఎడమచేతి ఆవిడ.

ఆవిడ ఇంకా చెప్పింది, నెమ్మదిగా, ఎవరికో ఒంట్లో బాగాలేనప్పుడు పక్కన కూర్చుని చెప్పినట్టు. వాళ్ళమ్మ తొమ్మిదేళ్ళు మంచంలో ఉందట. అందుకని మంచంలో ఉన్నవాళ్ళకి ఏం కావాలో తనకి తెలుసట. నడుం కింద దిండు తనే కుట్టిందట. పొట్టి బల్ల మీసాల డ్రైవరు చేత చేయించిందట. ఏటా చలికాలం రాకముందే, ఈసారి అక్కడి వదినకి ఏం పంపాలి అని మొగుడూ పెళ్ళాలు కూర్చుని మాట్లాడుకుంటారట. ఆ ఇత్తడి గంట మాత్రం కొన్నది కాదట. వాళ్ళమ్మ దిండు పక్కన పెట్టుకున్న గంటట. అమ్మ పోయాక ఇంట్లో అది మోగకపోతే తట్టుకోలేక, ఎక్కడైనా మోగితే చాలని పంపేసిందట. పిలవడానికి సులువుగా ఉందా అని అడిగింది.

కాజాలక్కకి వీధి తలుపు గుర్తొచ్చింది. చందాలవాళ్ళు వచ్చినా మోగే గంట. తను ఇన్నేళ్ళు దాచుకున్న ఆ ఒక్క నిమిషం ఈవిడదీ, ఈవిడ మొగుడిదీ. కొట్టు లేదు. కొట్టు ముందు ఆగిన మనిషి లేడు. ఏడవాలనిపించింది గానీ ఏడుపు రాలేదు, ఒళ్ళంతా కోపం వచ్చింది.

భోజనాలయ్యాక బొద్దావిడ కొత్త వేడుక మొదలెట్టింది. అన్నయ్యా, తల ఎలా దువ్వుతావో ఒక్కసారి చూపించు, మా ఆయన చూసి బుద్ధి తెచ్చుకుంటాడు అంది. హాలంతా అవునవునంది. డ్రైవరు ఇప్పుడెందుకులే అన్నాడు. కాజాలక్క సంచిలోంచి దువ్వెన తీసి భుజం మీదుగా వెనక్కి చాపింది.

"దువ్వండి. రోజూ చేసే పనేగా" అంది.

ఆయన జడ విప్పాడు. ఆడదాని జుట్టు ఎక్కడ పట్టుకోవాలో తెలియని చేతులు. కుదుళ్ళ నుంచి కిందికి ఒకటే లాగుడు లాగాడు. చిక్కు దగ్గర దువ్వెన ఆగితే ఇంకా గట్టిగా లాగాడు. ఆవిడ తల వెనక్కి పోయింది, కళ్ళలోంచి నీళ్ళు కారాయి, నోరు మాత్రం విప్పలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ కన్నీళ్ళు చూసి తామూ కళ్ళు తుడుచుకున్నారు. అభిమానమంటే అదీ అన్నారెవరో. మనుషులు ఒకసారి నమ్మారంటే కళ్ళెదుట ఉన్నది కూడా కనబడదు.

ఒక్కరికి మాత్రం కనబడింది. ఎడమచేతి ఆవిడ ఆ ఏడాది ఉన్ని మేజోళ్ళు అల్లుకొచ్చింది. నేనే తొడుగుతాను అని కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. కాజాలక్క చెప్పులు విప్పి, ఒక పాదం ఒళ్ళోకి తీసుకుంది. పగిలిన మడమ మీద బొటనవేలు పెట్టి ఆగిపోయింది. అరికాలు తిప్పి చూసింది. పక్కన పడేసిన చెప్పు చేతిలోకి తీసుకుని, అరిగిపోయిన అట్ట చూసింది. ఒక మేజోడు తొడిగింది, రెండోది చేతిలోనే ఉంది. తొమ్మిదేళ్ళు మంచంలో ఉన్న తల్లి పాదాలు కడిగిన మనిషి ఆవిడ. మంచంలో ఉన్న పాదం చంటిబిడ్డ పాదంలా మెత్తబడిపోతుందని ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

"వదినా, నువ్వు నడిచి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

వెనక నుంచి డ్రైవరు చెయ్యి కాజాలక్క భుజం మీద పడింది. నొక్కింది. తల ఊపు అన్నట్టుంది ఆ నొక్కడం. ఊపితే సరిపోయేది. అందరూ సాయంత్రం దీపాలు చూసి ఎవరిళ్ళకి వాళ్ళు పోయేవారు, వచ్చే ఏడు ఇంకో పొట్లం వచ్చేది. కానీ పాదం ఆవిడ ఒళ్ళో ఉంది. ఆ ఒళ్ళో పాదం పెట్టుకుని అబద్ధం ఆడటం కాజాలక్క వల్ల కాలేదు.

"పొద్దున బస్సు దిగి నడిచాను. నిన్న మూడు షాపులు తిరిగాను. పదకొండేళ్ళ కిందట మూడు వారాలు పడుకున్నాను, అంతే" అంది. అని, కుర్చీ చేతుల మీద బరువు పెట్టకుండా లేచి నిలబడింది.

ఒక కాలికి మేజోడు, ఒక కాలు ఉత్తది. జుట్టు విరబోసుకుని ఉంది. బొద్దావిడ నోటి మీద చెయ్యి వేసుకుంది.

నాకేం తెలీదు వదినా, ఇవన్నీ ఆయన కొని తెస్తున్నారనుకున్నాను, నిన్ను చూడాలనే వచ్చాను అని గబగబా చెప్పుకుంది కాజాలక్క. ఎడమచేతి ఆవిడ నేల మీంచి లేచింది. మొహం తెల్లగా పాలిపోయింది.

"తెలియకుండానే కుర్చీలో కూర్చుని వచ్చావా?"

లైను తప్పుతుందని కూర్చున్నాను అని చెప్పాలా? మొగుడు నా మడమల గురించి ఒక్క మంచి మాట అన్నాడు, ఆ మురిపెంతో కూర్చున్నాను అని చెప్పాలా? ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు? ముందుకి వెనక్కి చూసింది. అన్ని మొహాల్లోనూ ఒకటే మాట ఉంది: ఇద్దరూ ఇద్దరే. చిత్రం ఏమిటంటే వాళ్ళ కోపం డ్రైవరు మీద కన్నా ఆవిడ మీదే ఎక్కువ. ఆయన పదకొండేళ్ళుగా వాళ్ళలో మనిషి. ఆవిడ ఇవాళ వచ్చిన మనిషి, పైగా నిక్షేపంలా నిలబడి ఉంది.

ఎడమచేతి ఆవిడ వంగి, తొడిగిన మేజోడు మెల్లగా లాగేసింది. రెండూ కలిపి మడిచి చంకన పెట్టుకుంది.

"మిగతావి ఉంచుకో. మా అమ్మ గంట మాత్రం పంపించు" అని చెప్పి, కోటు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. మీసాల డ్రైవరు ఆవిడ వెనకే వెళ్ళాడు. గుమ్మం దగ్గర ఒకసారి ఆగి మన డ్రైవరు వంక చూశాడు.

ఆ సాయంత్రం కాజాలక్క ఒక్కతే పండగకి వెళ్ళింది. పక్క గేటు వైపు చూడకుండా పెద్ద లైన్లో నిలబడింది. రెండు గంటలు పట్టింది. లోపల మైలు పొడుగున దీపాలు వెలుగుతున్నాయి, జనం ఆహా ఓహో అంటున్నారు. ఆవిడ మొదటినుంచి చివరిదాకా నడిచింది, మళ్ళీ వెనక్కి నడిచింది. ఏం చూసిందో ఆవిడకే తెలియదు. కాళ్ళు మాత్రం బాగా నొప్పెట్టాయి.

ఆదివారం తిరుగు ప్రయాణంలో బస్సు టీ కోసం ఒకచోట ఆగింది. ప్రయాణికులందరూ దిగారు. స్టీరింగు ముందు ఆయన, వెనక సీటులో ఆవిడ. రెండు గంటలుగా ఆవిడ ఆయన మెడ వెనక భాగమే చూస్తూ కూర్చుంది.

"రెండు రోజులు కూర్చుంటే నీ సొమ్మేం పోయింది? అంతమందిలో పరువు తీశావు" అన్నాడు ఆయన, అద్దంలోకి చూస్తూ.

ఎందుకు చేశావు ఈ పని అని అడిగింది ఆవిడ. మొదటి ఏడు నిజమే కదా అన్నాడు. మరుసటి ఏడు ఇంకా లేవలేదా అని అడిగారు, లేదన్నాను. అంతే అన్నాడు. ఆ మాట అన్నాక తన బస్సు వాళ్ళే కడిగిపెట్టేవారట. హీటరు పక్క మంచం తనకే వదిలేవారట. ఆఖరి రోజు యార్డు పని తనకి వెయ్యొద్దని సూపరువైజరుకి వాళ్ళే చెప్పేవారట. పాతికమంది తనని చూసి మంచివాడు అనేవారట. అది చెబుతున్నప్పుడు మాత్రం ఆయన గొంతులో కొంచెం జీవం వచ్చింది. ఇంట్లో పుల్ల తీసి పెట్టని మనిషి, ఏడాదికి రెండు రోజులు పుణ్యాత్ముడిగా బతికొచ్చేవాడన్నమాట, ఆవిడ నడుం విరగ్గొట్టి.

ఆవిడకి కావాల్సింది ఒక్కటే.

"పదకొండేళ్ళలో ఒక్కసారి, ఒక్క వస్తువు, పిన్నీసైనా సరే, నువ్వు నాకోసం కొన్నావా?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. అబద్ధం ఆడదామని కాదు, గుర్తు తెచ్చుకుందామని. బయట ప్రయాణికులు కప్పులు పడేసి ఒక్కొక్కరే బస్సు వైపు వస్తున్నారు.

"అవసరం పడలేదు. వాళ్ళే ఇచ్చేవాళ్ళుగా" అన్నాడు.

ఇంటికి రాగానే ఆవిడ చేసిన మొదటి పని వీధి తలుపు గంట విప్పడం. చింతపండు పెట్టి తోమింది, మెత్తటి ఫ్లానెలు గుడ్డలో చుట్టింది, చుట్టూ కుట్టు వేసింది. లోపల ఒక కాగితం పెడదామనుకుని మూడుసార్లు రాసి మూడుసార్లూ చింపేసింది. గంట ఒక్కటే పంపింది. అందిందో లేదో కబురు రాలేదు. శాలువా, దిండు, సంచి అటక ఎక్కాయి. వాడబుద్ధి కాలేదు, పారెయ్యబుద్ధీ కాలేదు. గుండీలు మళ్ళీ పాత రేకు డబ్బాలోకి వెళ్ళాయి. పండగ ఎలా ఉందక్కా అని పెద్ద షాపు మాస్టారు అడిగితే, చాలా నడిచాను మాస్టారూ అంది.

ఇల్లు అదే, మనుషులు ఇద్దరూ వాళ్ళే. అయితే తిన్న కంచం తిన్నచోటే రెండు రోజులు ఎండాక ఆయనే కడుక్కోవడం నేర్చుకున్నాడు. నీళ్ళ సీసా కూడా చెయ్యి చాస్తే అందుతుందని తెలుసుకున్నాడు. ఆవిడ వండుతుంది, తన కంచంలో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని తింటుంది. మిగిలింది గిన్నెలో ఉంటుంది. కావాలంటే పెట్టుకుంటాడు.

ఈ ఏడు చలికాలం మొదట్లో మళ్ళీ ఫోనొచ్చింది. అదే గుమాస్తా అమ్మాయి, ఇప్పుడు పాతబడింది, గొంతులో హుషారు ఉంది. పండగ ట్రిప్పు జాబితా తయారుచేస్తున్నాననీ, కిందటేడు వచ్చారు కదా, ఈసారి కూడా కుటుంబం సీటులో పేరు రాసుకోనా అనీ అడిగింది.

కాజాలక్క చేతిలో కోటు ఉంది. సూది గుడ్డలోనే గుచ్చి ఆపింది.

"వద్దమ్మా" అంది. "ఆ డ్రైవరుకి కుటుంబం లేదని రాసుకో."

ఫోను పెట్టేసి, సగంలో ఉన్న కాజా పూర్తి చేసింది.